బొబ్బిలి శాసనసభాస్థానము: 1937 నాటి ఎన్నిక

బొబ్బిలి యనగానే ఆంధ్రులకు 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీ స్ఫురించును. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగర ప్రభువగు విజయరామరాజు పగ, తాండ్ర పాపారాయని సాహసము మనకు కంఠస్థములు. దిట్టకవి నారాయణకవి ఈ కథను రంగరాయచరిత్రమను కావ్యముగ రచించెను. వేదము వేంకటరాయశాస్త్రులవారు నాటకముగ నిర్మించిరి. జంగము కథకులు ఊరూరను పాడిరి. అదే బొబ్బిలిలో నూటయెనుబది యేండ్ల కావల మరియొక పోరు జరిగెను. అందు కత్తి దూసినవాడు లేడు, కోట కూలలేదు. కావుననే కాబోలు, దానికి కావ్యము పుట్టలేదు. అయినను రైతు బ్రతుకునకు మొదటి యుద్ధముకంటె ఈ రెండవదే దగ్గరి సంగతియని నా యభిప్రాయము.

1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టముచే మదరాసు రాష్ట్రమునకు 215 స్థానములుగల శాసనసభ యేర్పడెను. అందు సామాన్య స్థానములు 146. వానిలో 30 హరిజనులకు ప్రత్యేకింపబడెను. మహమ్మదీయులకు 28, దేశీయ క్రైస్తవులకు 8, స్త్రీలకు 8, కార్మికులకు 6, వర్తకులకు 6. భూస్వాములకు సయితము ప్రత్యేకముగ 6 స్థానములు కేటాయింపబడెను. ఈ కడపటి యంకెను పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. జమీందారులకు వేరుగ దారి యుండగా బొబ్బిలి రాజావారు, శ్రీ రామకృష్ణ రంగారావుగారు, తమ పేరుగల బొబ్బిలి స్థానముననే నిలిచిరి. తాతతండ్రుల నుండి ఏలుచున్న సీమ తమ్ము కాదనునని వారికి తోచియుండదు.

ఓటు ఎవరికి వచ్చినదన్నది ఇచట ముఖ్యమైన విషయము. వయోజనులందరకు ఓటు అప్పటికి లేదు. పన్ను కట్టువారు, ఆస్తిగలవారు, చదువను వ్రాయను వచ్చినవారు మున్నగు వారికే ఆ హక్కు. రైత్వారీ గ్రామములలో పట్టాదారునకు ఓటు. జమీందారీ గ్రామములలోనో, 1908వ సంవత్సరపు ఎస్టేటు భూముల చట్టము క్రింద సాగుహక్కుగల రైతునకును ఓటు లభించెను. లెక్కల పుస్తకముల నడుమ వయస్సు గడపిన నావంటివానికి ఇందలి చమత్కారము ఎంత చెప్పినను తనివి తీరదు. జమీందారునకు శిస్తు చెల్లించు రైతు, ఆ శిస్తు భూమిపై హక్కు కారణముగనే, జమీందారును తీర్పరియై తూచుటకు అర్హుడయ్యెను. 1802లో ఇరువదియైదవ రెగ్యులేషను జమీందారులకు శాశ్వత పేష్కషు నిర్ణయించినది. అదే యేట ఇరువదితొమ్మిదవ రెగ్యులేషను కరణములు లెక్కలెట్లుంచవలెనో శాసించినది. ఆనాడు ఎవరి భద్రతకై వ్రాయించిన లెక్కలో, తుదకు ఎవరికి అక్కరకు వచ్చినవో చూడుడు!

రాజావారు సామాన్యులు కారు. 1932 నవంబరులో, ముప్పదిరెండవ యేటికి కొలది నెలలు తక్కువగా నుండగనే, మునుస్వామినాయుడుగారి యనంతరము రాష్ట్ర ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిరి. 1936లో కొన్ని నెలలు తప్ప, 1937 ఏప్రిలు వరకు ఆ పదవి వారిదే. ఇనాము గ్రామముల రైతులకు సాగుహక్కు కలిగించిన 1936 నాటి సవరణ చట్టము వారి జస్టిసు పక్షము అధికారమందుండగనే వచ్చెను. దానిని మరచుట న్యాయము కాదు. అయితే అది ఇనాందారుల భూములను గూర్చినదే కాని, జమీందారీ శిస్తుల భారమును తగ్గించినది కాదు. ఆర్థికమాంద్యమున ధాన్యపు ధర పడిపోయినను రొక్కపు శిస్తు పలుచోట్ల పాత లెక్కనే నిలిచెను. ఆ కాలముననే మంత్రుల జీతము నెలకు నాలుగువేల మూడువందల రూపాయల పైచిలుకు. కాంగ్రెసువారు 500 మించి పుచ్చుకొనరాదని నియమించుకొనిరి. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచిన, వేరే ఉపన్యాసమేల?

రాజావారి కెదురు నిలిచినవారు వరాహగిరి వేంకటగిరిగారు. 1894లో బరంపురమున జన్మించి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సంఘమును నడపినవారు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడుటతో వారి పుట్టినయూరు మదరాసు రాష్ట్రమునకు వెలియయ్యెను. అట్టివారు విశాఖపట్టణపు జిల్లాలోని జమీందారీ నడిబొడ్డున, ప్రధానమంత్రి సొంత స్థానమున పోటీచేయుట నాటి జనులకు సాహసముగ తోచెను. ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క రంగు పెట్టె, కాంగ్రెసుది పసుపుపచ్చ. అక్షరము రానివాడును పసుపు నెరుగును గదా!

1937 ఫిబ్రవరిలో ఎన్నిక జరిగెను. రాజావారు ఓడిరి, గిరిగారు గెలిచిరి. రాష్ట్రమంతటను కాంగ్రెసునకు 159 స్థానములు లభించెను. జూలైలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రియైరి.

గెలిచినంతనే రైతు కష్టము తీరలేదు. ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఎస్టేటు భూముల విచారణ సంఘము ఏర్పడి, భూమి రైతుదేయనియు, శిస్తు 1802 నాటి మట్టమునకు దిగవలెననియు 1938లో నివేదించెను. అది చట్టము కాకమున్నే, యుద్ధము కారణముగ 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేసెను. 1947లో శిస్తుల తగ్గింపు చట్టము, 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువరకు రైతు వేచియుండవలసివచ్చెను. పదకొండేండ్లు! ఎన్నిక ఫలితము ఒక్క దినమున తెలియును, చట్టము అట్లు రాదు.

రాజావారు పిమ్మట రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యులైరి, 1978లో కీర్తిశేషులైరి. గిరిగారు 1969 మొదలు 1974 వరకు భారత రాష్ట్రపతిగ నుండి, 1980లో పరమపదించిరి. 1950 జనవరి 26తో మదరాసు రాష్ట్రము పాత చట్టపు రూపము వీడగా, ఆ శాసనసభాస్థానమును చరిత్రలో కలసిపోయెను. 1952 ఎన్నికల నాటికి ఓటునకు పట్టాతో పనిలేకపోయెను. బొబ్బిలి 1950 ఆగస్టులో శ్రీకాకుళము జిల్లాలోను, 1979 జూనులో విజయనగరము జిల్లాలోను చేరెను. నేటి శాసనసభకును బొబ్బిలి పేర స్థానమున్నది. పేరొక్కటే కాని, ఓటర్ల పట్టిక వేరు.

1937 నాటి ఓటర్ల జాబితాలు, శిస్తు రసీదులు, పసుపు పెట్టె కరపత్రములు ఎవరి యటుకలమీదనైన చెదలపాలు గాక మిగిలియున్నచో, వానిని చిత్తుకాగితములవానికి తూచక మన గ్రంథాలయమున కందజేయవలెనని కోరుచున్నాను. బీరువాలో క్రింది అర ఖాళీగనే యున్నది.