సాక్షి లేని కొండ

జోలార్పేట వాళ్లకు కొండ అంటే ఏలగిరి. 1864లో బెంగుళూరు దారి పడినప్పటి నుంచి మద్రాసు బళ్లు మన ఊళ్లో రెండుగా చీలిపోతున్నాయి. ఒకటి బెంగుళూరుకు పోతుంది, ఒకటి సేలం వైపు పోతుంది. ఏ బండిలో కూర్చున్నా తూర్పున ఏలగిరి కనబడుతుంది. పొన్నేరి దగ్గర మొదలయ్యే రోడ్డు పద్నాలుగు మలుపులు తిరిగి పైకి చేరుస్తుంది. ఆ పైన స్వామిమలై శిఖరానికి మాత్రం కాలినడకే గతి. నేను ఎక్కిన పెద్ద కొండ అదొక్కటే. కార్తీకంలో తూర్పు నుంచి మబ్బు కమ్మితే అక్కడ పది గజాల అవతల మనిషి కనబడడు.

ఊరికీ ఏలగిరికీ ఎత్తులో తేడా సుమారు ఏడువందల మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది గనుక, కింద చొక్కా తడిసే వేళ పైన నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఇదే లెక్కను సాగదీసి చూడండి. మన జోలార్పేట దగ్గరే 6,748 మీటర్ల కొండ ఒకటి ఉందనుకుందాం. ఊళ్లో ముప్పై డిగ్రీలున్న పూట ఆ కొన మీద సున్నాకు సుమారు పదకొండు డిగ్రీలు దిగువన ఉంటుంది. పీల్చే గాలి సముద్రపు ఒడ్డున ఉండేదానిలో సగం కూడా ఉండదు. ఇది గాలి వీచని రోజు లెక్క. గాలి తిరిగితే ఈ లెక్క పనికిరాదు.

ఆ ఎత్తు నేను ఊరికే చెప్పలేదు. అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులో ఆండీస్ పర్వతాల్లో సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ అనే శిఖరం ఎత్తు అది. 2015 మార్చిలో నెల్లూరు జిల్లా మనిషి ఒకరు ఒంటరిగా ఆ కొండకు పోయి తిరిగి రాలేదు. ఆయన పేరు మల్లి మస్తాన్ బాబు.

పెన్న ఒడ్డున సంగం దగ్గరి గాంధీజనసంగం ఆయన ఊరు. 1974 సెప్టెంబరు 3న పుట్టారు. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో 1985లో చేరారు. ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో పైచదువు, కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పిమ్మట కలకత్తా ఐఐఎంలో చదువు. అక్కడ చదివినవారికి పెద్ద జీతాలు ఎదురొస్తాయి. ఆయన ఆ దారి వదిలి కొండల దారి పట్టారు.

దీనికి మూలం బడిలోనే ఉంది. కోరుకొండలో చదివిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985లో భారత సైన్యం పంపిన ఎవరెస్టు యాత్రలో ఉన్నారు. ఆ అక్టోబరులో మొదట మేజర్ కిరణ్ కుమార్ జారిపడి మరణించారు. కొద్ది రోజులకే సౌత్ కోల్ అనే కనుమ దగ్గర, దాదాపు ఎనిమిది వేల మీటర్ల ఎత్తున, మంచుతుపాను చిక్కబట్టి మరో నలుగురు ప్రాణాలు విడిచారు. ఆ నలుగురిలో ఉదయభాస్కరరావు ఒకరు. మస్తాన్ బాబు కోరుకొండలో అడుగుపెట్టిన ఏడూ అదే. బడి ఆవరణలోని ఆ సీనియర్ విగ్రహమే తనను కొండల వైపు తిప్పిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. మన బళ్లలో విగ్రహాలకు కొదవ లేదు. ఒక్క పిల్లవాడు ఒక విగ్రహాన్ని అంత గట్టిగా పట్టించుకోవడం మాత్రం అరుదు.

2006లో ఆయన ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కారు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 10న దక్షిణ అమెరికాలో అకాంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలో కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోషియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న యూరపులో ఎల్‌బ్రస్, జూలై 10న ఉత్తర అమెరికాలో డెనాలి. మొత్తం 172 రోజులు. పంచాంగం తిరగేస్తే ఇందులో ఒక తమాషా ఉంది: గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ. ఏడు శిఖరాలకు ఏడు వారాలు, ఏదీ రెండోసారి రాలేదు.

తేదీల పట్టికలు రాయడం తేలిక. ఒంటరిగా కొండెక్కినవారి చరిత్ర రాయడం అంత తేలిక కాదు. ఎందుకో చెప్పడానికి ముగ్గురిని తలచుకుంటాను.

మొదటివాడు మారిస్ విల్సన్ అనే ఇంగ్లీషువాడు. కొండలెక్కే అనుభవం లేకుండానే, నమ్మకం ఒక్కటే పెట్టుబడిగా 1933లో చిన్న విమానం నడుపుకుంటూ మన దేశానికి వచ్చాడు. మరుసటి ఏడు మారువేషంలో టిబెట్టు చేరి ఎవరెస్టు కింద మంచులో చనిపోయాడు. 1935లో ఎరిక్ షిప్టన్ బృందానికి శవం, డైరీ రెండూ దొరికాయి. ఆ డైరీ వల్లనే అతని చివరి రోజులు మనకు తెలిశాయి.

రెండోవాడు ఆస్ట్రియా దేశపు హెర్మన్ బూల్. 1953 జూలై 3న నంగా పర్బత్ కొన మీదికి ఒక్కడే చేరాడు. దిగుతుండగా చీకటి పడింది. ఎనిమిది వేల మీటర్ల దగ్గర ఒక రాతి అంచు మీద తెల్లవార్లూ నిలబడి గడిపాడు. ఆ రాత్రి గాలి వీచలేదు. అందుకే బతికి దిగివచ్చి పుస్తకం రాశాడు. మూడోవాడు రైన్‌హోల్డ్ మెస్నర్. 1980 ఆగస్టు 20న తోడు లేకుండా, ప్రాణవాయువు సిలిండరు లేకుండా ఎవరెస్టు ఎక్కాడు. వానకాలం నడుమ వచ్చిన చిన్న తెరపిని కనిపెట్టి పోయాడు.

బూల్ మొండితనమూ మెస్నర్ నేర్పూ కాదనరానివి. కాని ఆ రెండు చోట్లా ఆకాశం కూడా ఒక చెయ్యి వేసింది. ఒంటరి పోకడ గురించి మనం చదివే కథలు చాలావరకు ఆకాశం కనికరించినవారు చెప్పినవే. కనికరించని చోట కథ చెప్పేవారు ఉండరు. అందుచేత ఒంటరితనం అంటే ధైర్యం, ధైర్యం అంటే గెలుపు అనే లెక్క మన మనసుల్లో పడిపోయింది. మస్తాన్ బాబు చివరి యాత్ర ఆ లెక్కను సరిచూసుకోమంటుంది.

2014 డిసెంబరు నుంచి ఆయన ఆండీస్‌లోనే ఉన్నారు. తోటివారితో కలిసి అక్కడి పెద్ద శిఖరాలు ఎక్కుతున్నారు. ట్రెస్ క్రూసెస్ సుర్‌కు మాత్రం ఒక్కరే బయలుదేరారు. మార్చి 24 తర్వాత ఆయన నుంచి కబురు లేదు.

ఆ తేదీని పట్టుకుని వాతావరణం సంగతి చూడాలి. ఆ కొండ అటకామా ప్రాంతపు తూర్పు అంచున ఉంది. అటకామా అంటే లోకంలోకెల్లా ఎండు ఎడారి. కొన్ని చోట్ల ఏడాదిలో చేతి వేలి మందం వాన కూడా పడదు. సరిగ్గా మార్చి 24, 25, 26 తేదీల్లో ఆ ఎడారి మీద ఎన్నడూ లేనంత వాన కురిసింది. పై గాలుల్లో ఒక చల్లని సుడి ప్రధాన ప్రవాహం నుంచి తెగి వచ్చి అక్కడ నిలిచింది. ఆ ఏడు పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వెచ్చగా ఉండి ఆ సుడికి తేమ అందించింది. ఏళ్ల తరబడి ఎండి ఉన్న కొపియాపో నది పట్టణం మీదికి పొంగింది. చన్యరాల్ అనే రేవు పట్టణాన్ని బురద చీల్చుకుని సముద్రంలోకి పోయింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు.

ఈ తీరు మన వైపు వారికి కొత్త కాదు. 1903 నవంబరులో ఎగువన మైసూరు సీమలో చెరువులు తెగి పాలారు పొంగినప్పుడు వాణియంబాడి కొట్టుకుపోయింది. ఎండిన ఇసుకనే చూస్తూ పెరిగినవారికి ఏరు ఇలా వస్తుందన్న ఊహ ఉండదు. ఎడారి పక్క కొండ ఎక్కేవాడికి కూడా అంతే. ఎండుగా ఉండడమే ఆ కొండలకున్న పేరు. కింద ఊళ్లను ముంచిన ఆ మూడు రోజుల గాలివాన, పైన ఆరు వేల మీటర్ల ఎత్తున మంచుగా, ఈదురుగాలిగా మారుతుంది. అక్కడ ఒంటరి మనిషి ఒకరు ఉన్నారు.

రెండు దేశాల వైపు నుంచీ వెదికారు. వాతావరణం వెదికేవారినీ ఆపింది. ఏప్రిల్ మొదటి వారంలో దేహం కనబడింది. ఆయన వయసు నలభై ఏళ్లు. విల్సన్ డైరీ వంటిది ఏదీ ఆయన చివరి గంటల గురించి మనకు చెప్పడం లేదు. ఆ గంటలకు మిగిలిన సాక్ష్యం కొపియాపో బురద, వాతావరణ కేంద్రాల వాన లెక్కలు.

ఆ రోజుల్లో మన తెలుగువాళ్లలోనే రెండు రకాల మాటలు విన్నాను. అంత చదువుకుని అజాగ్రత్తగా పోయాడని కొందరు అన్నారు. కొండ దేవుడే పిలుచుకున్నాడని మరికొందరు అన్నారు. నేను రెండూ ఒప్పుకోను. ఏడు ఖండాలు తిరిగి, దశాబ్దం పైగా మంచులో నడిచిన మనిషిని అజాగ్రత్తపరుడు అనడానికి ఆధారం లేదు. దేవుడు పిలిచాడంటే ఇక వానను గురించి అడిగే పని ఉండదు. అడగకపోతే తర్వాత పోయేవాడికి మనం చెప్పేదేమీ ఉండదు.

తోడు ఉంటే బతికేవారా అని అడుగుతారు. 1985లో సౌత్ కోల్ దగ్గర నలుగురున్నారు. నలుగురూ పోయారు. తోడు తుపానును ఆపలేదు. అయితే తోడు చేసే పనులు రెండున్నాయి. మబ్బు రంగు మారినప్పుడు "ఇక దిగుదాం పద" అనే రెండో నోరు ఉంటుంది. గాలి పలచబడి బుర్ర మందగించే చోట ఆ మాట ఎంతో విలువైనది. అది వినక ముందుకు పోయినా, ఎవరు ఎక్కడ ఆగారో, ఏ వేళకు గాలి లేచిందో చెప్పేందుకు ఎవరో ఒకరు మిగలవచ్చు. ఒంటరిగా పోయేవాడు ఈ రెండింటినీ కింద వదిలి పైకి పోతాడు. ఆ సంగతి మస్తాన్ బాబుకు తెలియదని నేననుకోను. తెలిసే ఆ నిశ్శబ్దాన్ని కోరి ఉంటారు. ఆ కోరికను తప్పు పట్టే హక్కు కింద కూర్చున్న మనకు లేదు. దాని వెల ఇంత అని పిల్లలకు చెప్పే బాధ్యత మాత్రం ఉంది.

ఏప్రిల్ చివరి వారంలో దేహం స్వదేశం చేరింది. సొంత ఊళ్లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అంతకు ఏడాది ముందే, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. గురువులు, షెర్పాలు, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ వెంట ఉండగా ఎక్కి, క్షేమంగా దిగివచ్చింది. మన గుడియాత్తం, వేలూరు, జోలార్పేట ఇళ్లల్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఈ ఇద్దరి కథా కలిపి చెప్పాలి. గెలిచిన కథ ఒక్కటే చెబితే కొండ ఎత్తు తెలుస్తుంది గాని దాని మీది ఆకాశం సంగతి తెలియదు.