కుష్ఠు: ఒక మాట, ఒక వ్యాధి

బైబిలు లేవీయకాండంలోని 13, 14 అధ్యాయాలలో వర్ణితమైన వికారం మనిషి చర్మానికే గాక వస్త్రాలకూ, ఇంటి గోడలకూ సోకుతుంది. హీబ్రూలోని ఆ ‘త్సారాత్’ గ్రీకులో ‘లెప్రా’గా, తెలుగు అనువాదంలో ‘కుష్ఠు’గా మారింది. ఆయుర్వేదంలోనూ కుష్ఠం 18 రకాల చర్మవ్యాధులకు ఉమ్మడి నామమే. కాలక్రమంలో ఈ విశాలార్థం మరుగునపడి, పాళెము వెలుపల నివసించాలన్న ప్రాచీన విధి ఒకే వ్యాధిగ్రస్తుల నెత్తిన పడింది.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. శాపమనుకున్నది చికిత్సకు లొంగదగిన రోగమని క్రమంగా తేలింది. కుష్ఠరోగిని యేసు చేయి చాపి ముట్టిన సువార్త ఘట్టం మిషనరీ వైద్యులకు ఆదర్శమైంది. నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన వైద్యాలయానికి హిందూ దాత రాజా నర్సాగౌడ్ లక్ష రూపాయల విరాళమిచ్చారు. అక్కడ చాల్‌ముగ్రా జాతి నూనె సూదిమందుతో చికిత్స సాగింది. 1940ల నుండి డాప్సోన్, 1980ల నుండి బహుళౌషధ చికిత్స వ్యాప్తిలోకి వచ్చి, వ్యాధి పూర్తిగా నయమయ్యే స్థితి ఏర్పడింది.

చట్టం మాత్రం మందగమనంతో నడిచింది. నిరుపేద రోగులను నిర్బంధంగా వేరుంచే 1898 నాటి శాసనం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలు 2019లో తొలగాయి. గ్రంథంలోని మాటకూ, రోగి దేహంలోని వ్యాధికీ గల అంతరాన్ని విజ్ఞానం చూపింది. వెలివేతను మాన్పవలసిన బాధ్యత సమాజానిది.