వీధి స్తంభం నుండి ఇంటి మీటరు వరకు

మీ ఇంటి వెలుపలి గోడకు అమర్చిన విద్యుత్ మీటరును ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? దాని వెనుకనున్న ఇనుప పెట్టె, అందులోనుండి పైకి సాగిన గొట్టం, ఆ గొట్టపు కొసన వాననీరు లోనికి దిగకుండా కప్పిన టోపీ సాధారణంగా మీ సొత్తే; గాలివానకు విరిగితే బాగుచేయించే ఖర్చూ మీదే. మీటరు మాత్రం కంపెనీది. స్తంభం నుండి వచ్చిన తీగ మీ తీగలతో కలిసే ముడికి ఇక్కడి నిబంధనావళి ‘సర్వీస్ పాయింట్’ అని పేరు పెట్టింది. ముడికి ఆవల కంపెనీ రాజ్యం, ఈవల మీ గృహం. రెండింటికీ వేర్వేరు శాసనాలున్నవి.

ఈ సంగతి నాకు గృహప్రవేశం నాడు తెలిసివచ్చింది. మేము కొన్న తొలి ఇంటిలో పాతకాలపు 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టె ఉండేది. దానిని తీసివేయించి 200 ఆంపియర్ల సర్వీసు పెట్టించాము. లైసెన్సు గల ఎలక్ట్రీషియను పని చక్కగా చేశాడు. నగర ఇన్‌స్పెక్టరు ఆమోదముద్ర వేశాడు. కార్తీకమాసంలో ముహూర్తం. కంపెనీ మనిషి వచ్చి, చూసి, తీగ కలపనని చెప్పి వెళ్లిపోయాడు. మేము కొన్న మీటరు పెట్టె వారు ఆమోదించిన జాబితాలో లేదు. పైగా దానిని తాళం వేసే కంచె తలుపునకు లోపల అమర్చాము. ముహూర్తం ఆగదు కదా! గ్యాసు పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి పాలు పొంగించాము. ఫర్నేసు తిరగని ఆ ఇంటిలో, కుందుల వెలుగులో, వచ్చినవారందరూ కోట్లు విప్పకుండానే సత్యనారాయణ వ్రతకథ విన్నారు. కరెంటు వచ్చుటకు మరి పన్నెండు రోజులు పట్టింది. నగర అనుమతి ఒక్కటే చాలునని నమ్మడం మా పొరపాటు. ఆ రెండవ అనుమతి ఎందుకన్న కోపమే నన్ను ఈ చరిత్ర వైపు నడిపించింది.

1882 సెప్టెంబరు 4న థామస్ ఎడిసన్ న్యూయార్కు నగరంలోని పెర్ల్ వీధి కేంద్రం నుండి సుమారు 400 దీపాలకు విద్యుత్తు పంపాడు. వాడిన కరెంటును కొలిచేదెట్లు? ఆయన కనిపెట్టిన మీటరులో జింకు సల్ఫేటు ద్రావణంలో మునిగిన జింకు పలకలుండేవి. కరెంటు పారిన కొలదీ లోహం ఒక పలక నుండి మరొకదానికి చేరేది. కంపెనీ మనిషి నెలకొకసారి పలకలను తీసుకుపోయి తూచి బిల్లు కట్టేవాడు. చలికి ద్రావణం గడ్డకట్టకుండా లోపల ఒక చిన్న దీపం వెలిగేదట! మీటరు అనగా మీ ఇంటిలో ఉంచిన కంపెనీ వారి తక్కెడ అని గ్రహిస్తే, దానికి సీలు ఎందుకు వేస్తారో, తమ మనుషులకు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలని ఎందుకు పట్టుబడతారో సులభంగా బోధపడుతుంది. ఎడిసన్ నుండి మనకు సంక్రమించినది మరొకటున్నది. రాగిని పొదుపు చేయుటకు ఆయన 1883లో పేటెంటు పొందిన మూడు తీగల పద్ధతియే నేటికీ మీ ఇంటికి 120, 240 వోల్టులను ఒకేసారి తెస్తున్నది.

కంపెనీలు తక్కెడ సంగతి చూసుకున్నవి. మంటల సంగతి పట్టించుకున్నవారు అగ్నిబీమా వ్యాపారులు. సరిగా అమర్చని తీగల వలన మిల్లులు, దుకాణాలు కాలిపోతూ ఉంటే నష్టపరిహారం చెల్లించవలసినది వారే. కనుక 1881-82 నాటికే న్యూయార్కులోను, న్యూ ఇంగ్లండులోను వారు తీగల అమరికకు నియమాలు వ్రాశారు. 1895 నాటికి దేశంలో అయిదు రకాల నియమావళులు పరస్పరం పొసగక నిలిచినవి. వాటిని సమన్వయించి 1897లో జాతీయ విద్యుత్ నియమావళిని వెలువరించారు. అది నేడు మూడేండ్లకొకసారి సవరింపబడుతున్నది. అయినా రాష్ట్రమో నగరమో స్వీకరించిన తరువాతనే దానికి చట్టబలం కలుగుతుంది. మా ఇన్‌స్పెక్టరు చూసినది ఈ గ్రంథాన్నే.

వివేకానందస్వామి ప్రసంగించిన 1893 నాటి చికాగో సర్వమత మహాసభను మన దేవాలయాలలో తరచు స్మరిస్తాము. ఆ సభ జరిగినది కొలంబియన్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగా. ఆ ప్రదర్శనను ఆల్టర్నేటింగ్ కరెంటుతో వెలిగించినది పిట్స్‌బర్గు వెస్టింగ్‌హౌస్ కంపెనీ. అక్కడి తీగలవలన అగ్నిప్రమాదం కలుగునేమోనని బీమావారు విలియం హెన్రీ మెర్రిల్ అను యువ ఇంజనీరును పరీక్షకు పంపారు. ఆయన మరుసటి సంవత్సరం నెలకొల్పిన పరీక్షాశాలయే నేటి యు.ఎల్. మీ ఇంటి బ్రేకరు మీద ఆ ముద్రను చూడవచ్చు. ఆ వెస్టింగ్‌హౌస్‌లో తరువాతి కాలంలో ఉద్యోగాలు చేసిన భారతీయ ఇంజనీర్లు ఎందరో. 1970లలో శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయం వెలసిన పెన్ హిల్స్ ఆ కర్మాగారాలకు ఎంతో దూరం కాదు.

ఇక కంపెనీ వారి సొంత పుస్తకం. 1907లో విస్కాన్సిన్, న్యూయార్కు రాష్ట్రాలు విద్యుత్ కంపెనీలపై నియంత్రణ సంఘాలను ఏర్పరచినవి. మిగిలిన రాష్ట్రాలు అనుసరించినవి. ధరలతో పాటు సర్వీసు షరతులను కూడ కంపెనీ ఆ సంఘం ముందు దాఖలు చేయవలసివచ్చింది. అందుచేత కంపెనీ మనిషి చెప్పిన నిబంధనను వ్రాతలో చూపుమని అడిగే హక్కు మీకున్నది. నాడు నేను అడగలేదు. కాలిఫోర్నియాలో మనవారు ఎక్కువగా నివసించే ఫ్రీమాంటు, శాన్‌హోసే ప్రాంతాలకు కరెంటునిచ్చే పీజీ అండ్ ఈ ఇట్టి పుస్తకానికి ‘గ్రీన్‌బుక్’ అని పేరు పెట్టి అందరికీ అందుబాటులో ఉంచింది.

పల్లెల కథ వేరు. 1935లో రూజ్‌వెల్టు గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించునాటికి ఇక్కడి రైతుల ఇళ్లలో నూటికి పది ఇళ్లకే కరెంటున్నదంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. లాభం లేదని కంపెనీలు పోని దారిన రైతుల సహకార సంఘాలు స్తంభాలు నాటుకున్నవి. ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి 1959లో ఏర్పడిన తరువాత తమ ఊరికి తొలి స్తంభం రావడం చూసినవారు మీ తాతల తరంలో ఎందరో ఉన్నారు. ఒకసారి అడిగి చూడండి.

60 ఆంపియర్లు ఘనమనుకున్న కాలం పోయింది. ఒక కుటుంబపు ఇంటికి 100 ఆంపియర్లకు తగ్గరాదని నేటి జాతీయ నియమావళి. విద్యుత్ కారు, హీట్ పంపు కలిసిన ఇంటికి అదీ చాలకపోవచ్చును. మీలో సర్వీసు పెంచదలచినవారు, ఎలక్ట్రీషియనుకు బయానా ఇవ్వకముందే కంపెనీకి దరఖాస్తు పెట్టి, ఇంటి మొత్తం లోడు లెక్క పంపండి. వీధి ట్రాన్స్‌ఫార్మరు అది మోయగలదో లేదో వారే తేల్చాలి. మీటరు స్థలాన్ని వారి చేత గుర్తు పెట్టించండి. ఆమోదిత పెట్టెల జాబితా తెప్పించుకోండి. ప్యానెలు ముందు మూడడుగుల ఖాళీ విడువండి. దేవుని సామాను పెట్టెలు పేర్చుటకు మనవారికి ఎందుకో ఆ చోటే కనబడుతుంది. నగర ఇన్‌స్పెక్టరు ఆమోదించిన కబురు కంపెనీకి చేరిందో లేదో మీరే ఫోను చేసి కనుక్కోండి. పంతులుగారికి ముహూర్తం ఖాయపరచవలసినది ఆ తరువాత.