మైపాడు వాకిళ్లకు రాయి వచ్చిన దారి

సముద్రపు ఒడ్డున ఉన్న మా మైపాడులో ఒకప్పుడు వాకిలి అంటే ఇసుకే. జాలర్లుండే పట్టపుపాళెంలో వలలు ఆరేదీ, చేపలు ఎండేదీ, ఎండాకాలం రాత్రుల్లో మంచాలు పడేదీ ఆ ఇసుకలోనే. ఇందుకూరుపేట వైపు సేద్యగాళ్లకు అది చాలదు. ఒడ్లు ఆరబోయాలి, బండి తిరగాలి. వాళ్లు చెరువు మట్టి తోలించి, తడిపి, దిమ్మిసతో కొట్టి, పైన పేడతో అలికేవాళ్లు. మా పక్క వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. అలికిన వాకిలి ఆ మూడు నెలల్లో కరిగిపోయేది. సంక్రాంతి ముగ్గులకు మళ్లీ మట్టి తోలాల్సిందే.

కలిగినవాళ్లు ఇటుక పరిచి గుల్లసున్నంతో సందులు పూడ్చేవాళ్లు. ఊరికి పడమటగా పోయే బకింగ్‌హాం కాలువలో ఉప్పు, కట్టెలతో పాటు సున్నపు గుల్ల కూడా పడవల్లో మద్రాసుకు పోయేది. 1806లో కాక్రేన్ దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగింది. 1876–78 కరువు పనుల తర్వాత దానికి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. మాకు సున్నం చేతికందే దూరంలోనే ఉండేది. రాయే లేదు. తవ్వినకొద్దీ ఇసుక, ఆపైన ఉప్పు నీళ్లు.

రాయి వెలిగొండలకు అవతల, కడప జిల్లాలో ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల సున్నపురాయి పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా విడుతుంది. 1872లో విలియం కింగ్ భూగర్భ సర్వే కోసం అక్కడి శిలలను వివరంగా రాశాడు. నార్జి అనే ఊరి పేరుతోనే ఆ రాయిని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ పిలుస్తారు. అప్పటికే మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. అయినా మా ఇసుక ఊళ్లకు ఆ రాతి బండలు మా నాయన రోజుల్లో లారీల్లో వచ్చేవి. ఆయన బండల మేస్త్రి. నేనూ ఆ తాపీనే పట్టాను కాబట్టి ఆ పని గురించి కాస్త నిదానంగా చెబుతాను.

లారీ దిగగానే ఆయన ప్రతి బండనూ నిలబెట్టి సుత్తితో తట్టేవాడు. ఖంగుమంటే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల పొర విడిందని పక్కన పెట్టేవాడు. సముద్రపు ఇసుకను అడుగున వేయనిచ్చేవాడు కాదు. అందులోని ఉప్పు తడితో పాటు పైకి వచ్చి రాతి పొరలను లేపేస్తుంది. పెన్న ఇసుకే తోలించేవాడు. రెండంగుళాల మందాన పోసి, తడిపి, దారం కట్టి, చెక్కతో లాగేవాడు. అయిదడుగులకు అంగుళం వాటం, అదీ ఇంటి నుంచి బయటికి. బండ దించి కొయ్య సుత్తితో మూలమూలా తట్టి వినేవాడు. డొల్ల శబ్దం వస్తే బండ ఎత్తి ఇంకో చారెడు ఇసుక. సందుల్లోనూ ఇసుకే, సిమెంటు లేదు.

ఈ పనిలో ఉన్న తెలివి 1989 నవంబరులో తెలిసొచ్చింది. థాయ్‌లాండ్ సింధుశాఖ నుంచి వచ్చిన తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. వాననీటికి అడుగు ఇసుక కొట్టుకుపోయి మా వీధిలో వాకిళ్లు కుంగాయి. నాయన బండలన్నీ ఎత్తించి, ఇసుక పోయించి, అవే బండలు తిరిగి పరిచాడు. కొత్త రాయి కొనే పనే పడలేదు. సిమెంటు గచ్చు చేయించుకున్న ఇళ్లలో మాత్రం గచ్చు పగిలి ముక్కలైంది. గడ్డపారతో పెళ్లగించి పారబోయాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్త ఇళ్ల తోటల్లో, బీచ్ దారిలో సిమెంటు పేవర్లు కనిపిస్తున్నాయి. వాటి పుట్టిల్లు హాలండు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటుకల కొరతతో అక్కడ మొదలయ్యాయి. 1610లో పులికాట్‌లో వర్తకానికి దిగిన డచ్చివాళ్ల దేశమే అది. అక్కడి నేలా మెత్తనిదే. అందుకే వాళ్లు ఇసుక మీదే పరిచి, ఇసుకతోనే సందులు నింపి, చుట్టూ గట్టి అంచు కట్టారు. మన నాయనల పద్ధతికీ దానికీ తేడా ఆ అంచే. పేవర్లు నాకు ఇష్టమే. వాటిని కాంక్రీటు మీద అతికించి, సందులు సిమెంటుతో మూసేయడమే నాకు మింగుడుపడదు. అలా చేస్తే నీళ్లు ఇంకే దారి ఉండదు. కార్తీకంలో వాకిలి మడుగవుతుంది, కొబ్బరి వేరు లేచినచోట నేల చీలుతుంది.

మైపాడులోనే కాదు, ఇసుక నేల ఉన్న ఏ ఊళ్లోనైనా సరే, వాకిలి గానీ తోటలో కూర్చునే చోటు గానీ వేయిస్తుంటే మేస్త్రిని ముందు మూడు మాటలు అడగండి: వాటం ఎటు, అంచు ఏమిటి, అడుగున ఏ ఇసుక. చెట్టు మొదట్లో రెండడుగులు మట్టిని మట్టిగానే వదలండి. రాయి మీద ఆసిడ్ మాత్రం పోయనివ్వకండి, సున్నపురాయి దానికి కరిగిపోతుంది.