ఉష్ణదేశమున మంచు హాకీ

బషీర్‌బాగ్ చెంతనున్న ఫతేమైదానము ఆటలకు అనాదిగా అలవాటుపడిన నేల. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇచ్చట విడిసెననియు, కోట లొంగిన పిమ్మట మైదానమునకు ఆ విజయనామము కలిగెననియు చెప్పుదురు. ఆసఫ్‌జాహీల కాలమున నవాబులు ఇచ్చట గుఱ్ఱములెక్కి పోలో ఆడిరి. 1955 నవంబరులో న్యూజీలాండుపై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, టెస్టు క్రికెట్టున ద్విశతకము సాధించిన ప్రథమ భారతీయుడైనది ఈ గడ్డమీదనే. 1967లో దీనికి లాల్‌బహదూర్ స్టేడియమని పేరు పెట్టిరి. ఫుట్‌బాలునకు శిక్షకుడైన రహీం సాహెబును, హాకీకి మూడు ఒలింపిక్సులలో ఆడిన ముకేశ్‌కుమారును ఇచ్చిన నగరమునకు ఆటలయందు కొఱత యేమియు లేదు.

అట్టి నగరమున నిలిచి మంచు హాకీ ప్రసంగమెత్తినచో వినువారు నవ్వుట సహజము. హైదరాబాదున నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు, అనగా ఈ ఊరు ఎఱిగిన అతిశీతలమైన రాత్రియందు సైతము నీరు గడ్డకట్టుటకు ఆరు డిగ్రీలు మిగిలియే యున్నవి. అయినను ఈ దేశమునకు జాతీయ మంచు హాకీ జట్టు కలదు. అది గెలిచిన పందెములు కొన్నియే గాని, దాని చరిత్ర విచారింపదగినది. ఏలయన, ఉష్ణదేశమున మంచు సొమ్ముపెట్టి చేయించుకొనవలసిన వస్తువు, ఎవరు ఏ నిమిత్తము చేయించుకొనిరో దానినిబట్టియే అచ్చటి ఆటలు ఏర్పడుచున్నవి.

మంచు హాకీ చలిదేశమున పుట్టినను, నేడు తెలిసిన రూపము దానికి గృహాంతరమునందే కలిగినది. 1875 మార్చి 3న మాంట్రియల్ నగరమున విక్టోరియా స్కేటింగ్ రింకులో జరిగిన ఆటను తొలి పందెముగా లెక్కింతురు. నాటి కొయ్యబిళ్ళ స్థానమున నేడు రబ్బరుబిళ్ళ వచ్చినది. మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము, నూటయేబది గ్రాములకు పైబడిన బరువు గల, పక్కు అను ఆ బిళ్ళను ఇరుపక్షముల ఆరేసిమంది ఆటగాండ్రు ఉక్కుబద్దల స్కేట్లపై జారుచు తఱుముదురు. ఒక్కొక్కటి ఇరువది నిమిషముల చొప్పున మూడు అంకములు. దీనికి 60 మీటర్ల పొడవుగల మంచుతలము కావలెను. మాంట్రియల్ ఆట జరిగిన మఱుసటి యేడే, 1876లో, జాన్ గామ్‌జీ యనువాడు లండనున రాగిగొట్టములలో శీతలద్రావకమును ప్రవహింపజేసి, వానిపై నీరు గడ్డకట్టించి, యంత్రనిర్మితమైన రింకును చూపెను. అనగా ఈ యాట పుట్టిన యేడాదిలోనే చలిలేని దేశములకు గూడ దారి తెఱవబడినదన్నమాట.

ఆ దారిని ఉష్ణదేశములు ఆటకై త్రొక్కుటకు శతాబ్దము పట్టెను. పానీయములకు మాత్రము అంతకుమునుపే మంచు మన రేవులకు వచ్చినది. 1833 మే 12న బోస్టను రేవునుండి టస్కనీ యను నౌక 180 టన్నుల మంచుతో బయలుదేఱి, రెండుమార్లు భూమధ్యరేఖను దాటి, సెప్టెంబరులో కలకత్తా చేరునప్పటికి ఇంచుమించు 100 టన్నులు మిగిలియుండెను. దానిని పంపిన ఫ్రెడరిక్ ట్యూడర్ వర్తకమునకే మద్రాసు సముద్రతీరమున 1842 ప్రాంతమున ఐస్‌హౌసు కట్టబడినది. పిమ్మట అమెరికా మంచు రాక నిలిచినది.

అమెరికా మంచు నిలిచిపోవుటకు కారణము యంత్రములు దాపురించుటయే. ఉప్పునీటితొట్లలో రేకుడబ్బాలు దింపి దిమ్మలు తీయు ఐసు కార్ఖానాలు క్రమముగా ఊరూరను వెలసెను. చిక్కడపల్లి, నారాయణగూడ వీధులలో రిక్షాపై గోనెపట్టా కప్పుకొని, ఊకతో సహా నీరుకాఱుచు పోయిన ఆ దిమ్మలను పెద్దలు ఎఱుగుదురు. శరబత్తు బండ్లవద్ద, పెండ్లిపందిళ్ళలో, చేపల అంగళ్ళలో వానికి పని యుండెను. కాలికి స్కేటు కట్టుకొని దానిపై నిలువవలెనన్న ఆలోచన మాత్రము ఎవరికిని తోచలేదు. తోచుటకు హేతువును లేదు.

ఆ యాలోచన తోచినది హిమాలయములందు. సిమ్లాలో 1920లో ఒక దొర తన టెన్నిసు ఆవరణలో నీరు గడ్డకట్టుట చూచి స్కేటింగు రింకును ఏర్పఱచెను. నేటికిని అచ్చట సాయంకాలమున నేలపై నీరు చల్లి రాత్రి చలికి విడిచిపెట్టుటయే పద్ధతి. మబ్బు పట్టినచో మంచు కట్టదు, మఱునాడు ఆట లేదు. అది దొరల వినోదముగా మొదలై, సిమ్లావాసుల యాటగా నిలిచినది. లడఖు కథ వేఱు. సముద్రమట్టమునకు 3,500 మీటర్ల యెత్తున నున్న లేహ్ పట్టణమున డిసెంబరు నడిమినుండి ఫిబ్రవరి మొదటివఱకు చెఱువులు గట్టిపడును. పొలము పనులుండవు, ఆ రోజులలో మంచు పేరుకొని కనుమదారులు మూసికొనిపోయెడివి, దేశముతో రాకపోకలు విమానములకే పరిమితములై యుండెడివి. ఇట్టి దీర్ఘావకాశమున లడఖు స్కౌట్లను సైనికదళమువారు 1970 ప్రాంతముల కర్జూ చెఱువుపై ఆడిన హాకీయే భారతీయ మంచు హాకీకి అసలు పునాది.

వారికి పరికరములు లేవు. సైనికుల బూట్ల అడుగున కమ్మరిచే ఇనుపబద్దలు బిగింపించుకొనిరి. నేల హాకీకఱ్ఱలనే వాడిరి. అరిగిన బూటుఅడుగు రబ్బరును గుండ్రముగా కోసి పక్కుగా కొట్టుకొనిరి. ఇనుపబద్ద కొంచెము వంకరయైనను కాలు పక్కకు లాగును. మంచు చెలరేగి కన్నులలో పడును. చుట్టు చెక్కగోడ లేనందున దెబ్బతిన్న పక్కు గట్టుమీది మంచురాసులలోనికి పోవును, ఆట ఆపి దానిని వెదకవలెను. రాత్రి కురిసిన మంచును తెల్లవారుజామున పారలతో, చీపుళ్ళతో నెట్టి, పగుళ్ళపై బక్కెట్లతో నీరు పోసి ఒక పలుచని పొర కట్టించుటయు ఆటగాండ్ర పనియే. ప్రపంచమున మఱియొకచోట యంత్రము కొద్ది నిమిషములలో చేయు పనిని వారు గంటలకొలది చేసిరి. భారత జట్టులో అత్యధికులు నేటికిని ఈ చెఱువుల మీద పెరిగినవారే. ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. కర్కటరేఖ దేశమును నడుమ ఖండించుచున్నది. హైదరాబాదు 17వ అక్షాంశమున, లేహ్ 34వ అక్షాంశమున నున్నవి. కావున "ఉష్ణదేశపు మంచు హాకీ జట్టు" అని విదేశీయులు ముచ్చటపడి చెప్పుకొనునపుడు, ఆ జట్టు ఉష్ణమండలమున పుట్టినది కాదని మనమైన ఎఱిగియుండుట మంచిది.

1989 ఏప్రిల్ 27న భారతదేశము అంతర్జాతీయ ఐస్‌హాకీ సమాఖ్యలో చేరినది. అదే దినమున థాయిలాండును చేరినది. చేరుట సులభము. భారత జట్టు తొలి అంతర్జాతీయ పోటీ ఆడుటకు ఇరువదేండ్లు పట్టి, 2009లో అబూదాబిలో ఆసియా చాలెంజి కప్పున దిగి, ప్రతి పందెమునను ఘోరముగా ఓడినది. చెఱువుపై ఆడినవారికి గోడతగిలి మరలివచ్చు పక్కు క్రొత్త. యంత్రపు మంచు వేగము క్రొత్త. తొలి విజయము 2012లో స్వదేశముననే, డెహ్రాడూనులో, మకావు జట్టుపై లభించినది. ఆ విజయము కలిగిన రింకు 2011 దక్షిణాసియా శీతకాలక్రీడలకై కట్టినది. దేశమున ఒలింపిక్ పరిమాణము గల ఏకైక గృహరింకు. విద్యుద్వ్యయము భరింపలేక దానిని ఏండ్లతరబడి మూసియుంచి, 2025లో మరల తెఱచిరి. ఒక దేశమునకు ఒక్కటే మంచుగృహముండి, దానికిని తాళము పడియుండగా, జట్టు ఓడినదని ఆటగాండ్రను నిందించుట న్యాయము కాదు.

నిజముగా ఉష్ణమండలమున నున్న దేశములు వేఱుమార్గమున పోయినవి. వానికి చెఱువులు గడ్డకట్టవు గాని అంగడిసముదాయములు కలవు. మనీలాలో 1992లో ఎస్.ఎం. మెగామాల్ లోపల రింకు తెఱచిరి. బజారుకు వచ్చిన కుటుంబముల పిల్లలు డబ్బిచ్చి స్కేటింగు నేర్చుకొనిరి. ఆ రుసుముతోనే యంత్రము నడచినది. 2017లో కౌలాలంపూరునందు ఆగ్నేయాసియా క్రీడలలో తొలిసారి మంచు హాకీ చేర్చినపుడు ఫిలిప్పీన్సు స్వర్ణము గెలిచినది, 2019లో థాయిలాండు గెలిచినది. చలి లేని దేశములు వర్తకుని ఐసుపై నేర్చినవి. చలిగల లడఖు మాత్రము రెండునెలల ఆకాశదయపై ఆడినది. భారతీయ స్త్రీల జట్టు 2016లో తైపేకి పోయి ఒక్కటియు గెలువక వచ్చి, 2017లో బ్యాంకాకున ఫిలిప్పీన్సుపై 4-3 తో తొలి విజయము పొందినది. సాధనకై ఈ వనితలు గురుగ్రామమున బజారులోని చిన్న రింకును, కిర్గిజ్‌స్తానున బిష్కెక్ నగరమును ఆశ్రయింపవలసివచ్చెను. 2025 జూను మొదటివారమున అల్ ఐన్ ఎడారిపట్టణమున జరిగిన స్త్రీల ఆసియా కప్పులో వారికి కాంస్యపతకము లభించినది.

ఇక హైదరాబాదు పేటల మాట. అశోక్‌నగర్, దోమలగూడల ప్రక్కన, దిగువ ట్యాంక్‌బండ్‌పై 2004 జనవరిలో స్నోవరల్డ్ తెఱచిరి. టిక్కెట్టు కొని, వారిచ్చిన దళసరి కోటు, చేతితొడుగులు ధరించి, సున్నకు దిగువ 5 డిగ్రీల చలిలో కృత్రిమహిమముపై జారుడుబండలు ఎక్కి దిగి, పిల్లలు ముక్కులు ఎఱ్ఱజేసికొని బయటపడుదురు. హాకీ మంచునకు కావలసిన చల్లదనము ఇంచుమించు అదియే. ఆ చలిని నగరము ఇరువదేండ్లకు పైబడి నిలుపగలిగినది. విద్యుత్తునకు డబ్బులు వసూలు చేసికొనగలిగినది. 60 మీటర్ల సమతలము మాత్రము దానికి చేరలేదు. అది వినోదమందిరము గనుక దానిని తప్పుపట్టుటకు వీలులేదు. కూతవేటు దూరముననే యున్న ఇందిరాపార్కులో, 1975లో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేసిన ఆ ఉద్యానవనములో, స్కేటింగునకు సిమెంటు నేల కలదు. నాలుగు చక్రముల స్కేట్లపై పిల్లలు మోకాళ్ళకు తొడుగులు కట్టుకొని తెల్లవారకముందే తిరుగుచుందురు. హైదరాబాదు వాడైన అనూప్‌కుమార్ యామ ఈ చక్రముల విద్యలోనే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్యములు తెచ్చి, 2015లో అర్జున పురస్కారము నందుకొనెను.

చక్రములు నేర్చినవాడు ఉక్కుబద్దకు మాఱుట కష్టమే గాని అసాధ్యము కాదు. సమతౌల్యమును, మడమ త్రిప్పుటయు ఒక్కటే, ఆగుట మాత్రము వేఱు. 2025 జనవరిలో లేహ్‌లో ఖేలో ఇండియా శీతకాలక్రీడలు ఆరంభమైనపుడు 500 మీటర్ల మంచుస్కేటింగునందు తొలి స్వర్ణము గెలిచినది తెలంగాణకు చెందిన పదునైదేండ్ల బాలిక. గుపుక్స్ చెఱువుపై ఆమె ప్రక్కన నిలిచి పరుగెత్తినవారిలో ఆ మంచును పుట్టుకతో ఎఱిగినవారును ఉండిరి.