ద్వారకానగర్ ర్యాముల కథ

ద్వారకానగర్‌లో ఓ కంప్యూటర్ షాపులో నేను పనికి కుదిరేనాటికి విశాఖలో ఇంటి కంప్యూటరంటే అరుదు. పోర్టు దగ్గరి షిప్పింగ్ ఏజెంట్లు, డాబాగార్డెన్స్ డీటీపీ వాళ్లు, పీఎఫ్ లోను పెట్టి పిల్లల కోసం సిస్టమ్ కొన్న ఉక్కునగరం ఉద్యోగులు... మా గిరాకీ అంతవరకే. ఫిర్యాదు మాత్రం అప్పటినుంచి ఇప్పటిదాకా ఒకటే: ‘‘ఏటి బాబూ, మెమరీ చాల్లేదంటోంది!’’ మాట మారలేదు గానీ, దాని వెనకున్న జబ్బు మారుతూ వచ్చింది.

డాస్ రోజుల్లో మెమరీ, అంటే ర్యాము, ఉన్నా అందేది కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ప్రాసెసర్ ఒక మెగాబైటు దాకానే చూడగలదు. అందులో పైనున్న 384 కేబీ స్క్రీనుకీ, మెషీను లేవగానే నడిచే బయోస్‌కీ పోతే, ప్రోగ్రాములకు దక్కింది 640 కేబీ. తరవాతి మెషీన్లలో నాలుగు ఎంబీ వేసినా ఆ గీత చెరిగిపోలేదు. మౌసు డ్రైవరూ సీడీ డ్రైవరూ ముందే వచ్చి కూర్చుంటే లోటస్ స్ప్రెడ్‌షీటు లేవడానికి చోటుండేది కాదు. అప్పుడు స్క్రూడ్రైవరుతో పనిలేదు. కాన్ఫిగ్ డాట్ సిస్ ఫైలు తెరిచి, మెమరీ సర్దే హైమెమ్, ఈఎంఎం 386 వరసలు చేర్చి, డ్రైవర్లను ‘డివైస్ హై’ అంటూ పై చోటుకు తరిమేవాళ్లం. వరస అటూ ఇటూ మార్చి పది కేబీ మిగిలిస్తే అదే ఘనకార్యం.

తరవాతి జబ్బు ధరది. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ ఫ్యాక్టరీ పేలింది. చిప్పులకు పైతొడుగుగా వాడే మేలురకం ఎపాక్సీ రెసిన్‌లో సగానికి పైగా అక్కడిదే. ప్రపంచమంతా ర్యాము ధర భగ్గుమంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని మన పోర్టు ఏళ్ల తరబడి పంపింది ఆ దేశానికే. అక్కడ నిప్పంటుకుంటే సెగ మా కౌంటరుకి తగిలింది. మా ఓనరు ర్యాములను గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసుకునేవారు. 1999 సెప్టెంబరులో తైవాన్ భూకంపం వచ్చినప్పుడూ అదే తంతు.

1997లో మన దేశం ఐటీ వస్తువుల మీద సుంకాలు ఎత్తేసే అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకం తగ్గుతూ 2005కల్లా పోయింది. అసెంబుల్డ్ సిస్టమ్‌లు గాజువాక నుంచి మధురవాడ దాకా ఇళ్లలోకి వచ్చాయి. ధర తగ్గించడానికి గ్రాఫిక్స్ కార్డు లేని బోర్డులు వేసేవాళ్లం. అవి స్క్రీను కోసం అసలు ర్యాములోంచే వాటా తీసుకునేవి. 128 ఎంబీకి డబ్బు కట్టిన పెద్దమనిషి తెరమీద 120 చూసి, ‘‘ఆ ఎనిమిదీ మీరే నొక్కేశారా?’’ అని నిలదీసేవారు. బయోస్ తెరిచి వాటా చూపిస్తేగానీ నమ్మేవారు కాదు.

ర్యాము నిండితే హార్డ్‌డిస్కులో కొంత జాగాను ర్యాములా వాడుకునే ఏర్పాటు విండోస్‌లో ఉంది. ఆ ఆలోచన 1962 నాటి మాంచెస్టర్ అట్లాస్ కంప్యూటరుది. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ, లోపల కరకరమంటుంటే ర్యాము పెంచాల్సిందేనని మూత తీయకుండానే చెప్పేసేవాళ్లం.

విశాఖకి ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటి. ఉప్పుగాలి అన్నిచోట్లా ఉంటే, వన్‌టౌన్, కాన్వెంట్ జంక్షన్ వైపు దానికి పోర్టు బొగ్గుధూళి తోడు. ర్యాము అంచునున్న బంగారుపూత కాళ్ల మీద మకిలి పడితే, స్విచ్ వేయగానే పెద్ద బీప్, తెర చీకటి. దీనికి మందు పిల్లల పెన్సిలు రబ్బరు. మెత్తగా రుద్ది, దుమ్ము దులిపి, రెండువైపులా క్లిప్పులు టక్కుమనేదాకా స్లాటులో నొక్కితే చాలాసార్లు లేచేది. కొత్త ర్యాము అమ్మితే లాభం, రబ్బరుతో తుడిస్తే సర్వీసు ఛార్జీ. ఏది చేస్తాడన్నదాన్ని బట్టే మెకానిక్ పేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక తడిసిన సీపీయూలు వరసకట్టాయి. బోర్డులు పోయినా, కడిగి ఆరబెట్టిన ర్యాములు చాలావరకు బతికాయి.

ర్యాముల సైజు పెరిగాక, 4 జీబీ వేసినా 32 బిట్ విండోస్ మూడుంబావు చూపించే గొడవ. అదీ తీరాక బ్రౌజరు ట్యాబులు. ఇప్పుడు సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామును బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. తుడవడానికి కాళ్లు కనపడవు, పెంచడానికి స్లాటుండదు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్టు ఆపడంతో కొత్తది కొనాలా అన్న ప్రశ్నా వచ్చింది. అదే రోజు గూగుల్ మన విశాఖలో ఏఐ కేంద్రానికి 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అలాంటి డేటా సెంటర్ల కోసమే ప్రపంచమంతా మెమరీ చిప్పులు ఎగబడి కొనడంతో ర్యాము ధర మళ్లీ పెరిగింది.

అందుకే నా దగ్గరకొచ్చేవాళ్లకు రెండే మాటలు చెబుతున్నాను. ర్యాము కొనేముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి ఏ ప్రోగ్రాము ఎంత తింటోందో చూడండి. అక్కర్లేనిది తీసేస్తే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు రంగూ బరువూ తరవాత, ముందు ఖాళీ స్లాటుందా అని అడగండి. లేదంటే ఇంకొకటి చూపించమనండి.