అక్షరానికి గది నంబరు

ముసఫ్ఫా అబూదబి నగరానికి దగ్గర్లోని పారిశ్రామిక వాడ. వర్క్‌షాపులూ, గోదాములూ, కార్మికుల క్యాంపులూ. మనవాళ్ళు దాన్ని ‘సనయ్య’ అంటారు. 2004లో నేనక్కడ ఒక స్టోర్సులో గుమాస్తాని. ఒక శుక్రవారం జగిత్యాల వైపు వెల్డరొకాయన చేత్తో కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. ఊళ్ళో కంప్యూటరు నేర్చుకుంటున్న కూతురు తెలుగులో ఉత్తరం టైపు చేసి ఈమెయిల్లో పంపిందట. నెట్ సెంటర్లో ప్రింటు తీయిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, డాలరు గుర్తులే.

“అన్నా, బిడ్డ తెలుగులనే రాసిన్నన్నది. సదువు నాకు తక్కువైందా, మిషినుకు తక్కువైందా?”

తక్కువైంది మిషినుకే. అదెలాగో చెప్పాలంటే నాలుగు మాటలు విప్పాల్సి వచ్చింది. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి 1, 0 మాత్రమే. అలాంటి ఒక్క అంకె బిట్. ఎనిమిది బిట్లు ఒక బైట్. ఒక బైట్లో 256 కూర్పులు పడతాయి. ఏ సంఖ్య ఏ అక్షరమో ముందుగా చేసుకున్న ఒప్పందమే కోడు. 1963లో అమెరికాలో వచ్చిన ‘ఆస్కీ’ కోడులో 128 స్థానాలు. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ది 65. మన ‘అ’కు అందులో చోటే లేదు.

కోడుకు తెర మీద రూపాన్నిచ్చేది ఫాంటు. చోటు లేక మనవాళ్ళు చేసిన ఉపాయం, ఇంగ్లీషు అక్షరాల బొమ్మలు తీసేసి ఆ స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టడం. డీటీపీ సెంటర్లు ఏళ్ళ తరబడి అలాంటి ఫాంట్లతోనే నడిచాయి. “లోపల ఇంగ్లీషు మనిషి, పైన తెలుగు అంగీ” అన్నాను. “అంటే ఉత్తరం అంగీని ఊళ్లెనే ఇడిసి వచ్చిందన్నట్టు” అన్నాడాయన. నాకన్నా ఆయనే బాగా చెప్పాడు.

అప్పటికే దీనికి విరుగుడు ఉంది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ‘ఇస్కీ’ కోడును ఖాయం చేసింది. అందులో తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ ఒకే సంఖ్య. అదే ఏడాది వచ్చిన యూనికోడు ప్రతి లిపికీ వేరే వరుస కేటాయించింది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు. కొన్ని ఖాళీ. ‘క’ గది 3093, ఏ దేశంలోనైనా అదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే యూనికోడు ఫాంటు ఉంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అయితే ఆ అమ్మాయి నేర్చుకున్నది పాత పద్ధతి.

ఆ ఫాంటును ఊరినుంచి తెప్పించి నా కంప్యూటర్లో వేసేసరికి వారం పట్టింది. ఉత్తరం తెలుగులో తేలింది. పెళ్ళి మాట ఇప్పుడే వద్దనీ, డిగ్రీ చదువుకుంటాననీ రాసింది. ఇంట్లో అందరూ చుట్టూ నిలబడి వినే ఫోనులో ఆ పిల్ల ఆ మాట అనలేకపోయింది. ఆయన రెండుసార్లు చదువుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రే ఇంటికి ఫోను చేశాడు.

ఇప్పుడు ఫోనులోనే తెలుగు రాస్తున్నాం. ‘తెలుగు’ అన్న మాటకు గుణింతపు గుర్తులతో కలిపి ఆరు కోడ్లు, యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. కానీ మన ఇళ్ళలో పాత సీడీల మీద, పాత ఫాంట్లలో, ఎన్నో ఉత్తరాలూ కథలూ ఉండిపోయాయి. ఆ అంగీలు దొరుకుతున్నప్పుడే వాటిని యూనికోడులోకి మార్చి పెట్టండి. తర్వాత మన పిల్లలు తెరిచినా కనబడేవి కామాలూ, డాలరు గుర్తులే.